డ్రైవరమ్మ బిగించిన హెలికాప్టరు

డ్రైవరమ్మ రిటైరైన రోజు సాయంత్రం డిపో వాళ్లంతా కలిసి ఆమె చేతిలో ఒక పెట్టె పెట్టారు. ఏ గోడగడియారమో, ఫ్లాస్కో అయ్యుంటుందనుకుని ఆమె దాన్ని చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది. భోజనాల బల్ల మీద పెట్టి విప్పితే లోపల హెలికాప్టరు ఉంది. ఇంకా హెలికాప్టరు కాలేదు గానీ, ఓపికగా కూర్చుని బిగిస్తే కాగలదు. చిన్నచిన్న ప్లాస్టిక్ సంచుల్లో పళ్లచక్రాలు, బేరింగులు, సన్నటి షాఫ్టులు, ఒక నల్లటి బెల్టు, ఆవగింజల్లాంటి స్క్రూలు, గుప్పెట్లో పట్టేంత మోటారు. పక్కన రేడియో రిమోటు. అన్నిటి కిందా బొమ్మలేసిన పుస్తకం.

డిపో కుర్రాళ్లకు ఆ ఆలోచన ఎందుకొచ్చిందో ఆమెకు వెంటనే అర్థమైంది. ట్రాఫిక్‌లో బస్సు ఇరుక్కుపోయి ముందుకీ వెనక్కీ కదలనప్పుడల్లా ఆమె కండక్టర్ వైపు తిరిగి ఒకటే మాట అనేది, పైన పెద్ద ఫ్యానొకటి బిగించి ఇస్తే వీళ్లందరి నెత్తి మీదుగా ఎగిరిపోతానని. ఏళ్ల తరబడి అన్న మాట డిపో మొత్తానికీ పాకి, చివరికి ఇలా పెట్టెలో పడి ఇంటికొచ్చింది.

ఆమె పెట్టెలోకి తొంగిచూస్తూ నవ్వుకుంటుండగా ఎదురుగా ఇంకో చెయ్యి వచ్చింది. ఆ చేతిలో అప్పటికే స్క్రూడ్రైవరు ఉంది. ఆ చెయ్యి ఆమె భర్తది. అదే డిపోలో మెకానిక్‌గా పని చేసి ఆమెకన్నా ముందే రిటైరైన మనిషి. డిపోలో అందరూ మేస్త్రీ అనేవారు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె కూడా మేస్త్రీ అనే పిలుస్తుంది, ఆయన డ్రైవరమ్మా అనే పిలుస్తాడు. వాళ్ల కూతురు చిన్నప్పుడు బళ్లో తల్లిదండ్రుల పేర్లు అడిగితే ఈ రెండే చెప్పి టీచరు చేత చీవాట్లు తింది.

"మేస్త్రీ, చెయ్యి తియ్యి," అంది డ్రైవరమ్మ.

"ఊరికే చూస్తున్నాను."

"స్క్రూడ్రైవరుతో చూస్తారా ఎవరైనా? ఇది నా బండి. నేనే బిగిస్తాను."

మేస్త్రీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు గానీ, మొహం మాత్రం చేతిలో బిస్కెట్టు లాక్కుంటే పసివాడు పెట్టే మొహంలా అయింది.

ఆమె పంతానికి కారణం లేకపోలేదు. మేనమామ లారీలో క్లీనరు సీట్లో కూర్చుని పెరిగిన పిల్ల ఆమె. గేరు మారినప్పుడు ఇంజను గొంతు ఎలా మారుతుందో ఆమెకు పాఠాల కన్నా ముందు వచ్చింది. డిపోలో చేరిన కొత్తల్లో స్టీరింగు దగ్గర ఆడమనిషిని చూసి కొందరు ఎక్కినట్టే ఎక్కి దిగిపోయేవారు. కొన్నాళ్లకు ఆ దిగిపోయినవాళ్లే ఆమె బస్సు కోసం వేరే బస్సులు వదిలేసుకుని నిలబడ్డారు, కుదుపు లేకుండా నడుపుతుందని. అంతవరకూ బాగానే ఉంది. కానీ బోనెట్ ఎత్తితే చాలు, వర్క్‌షాపు వాళ్లు పరిగెత్తుకొచ్చేవారు. డ్రైవరు పని నడపడం, మెకానిక్ పని బిగించడం. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదన్నది అక్కడి పద్ధతి. అంత పెద్ద బండిని రోజూ చేతుల్లో ఆడించిన మనిషికి దాని ఒక్క నట్టు బిగించే భాగ్యం కూడా దక్కలేదు.

మేస్త్రీతో పరిచయమూ ఆ గొడవలోనే అయింది. ఆమె బస్సులో ఎక్కడో సన్నగా టిక్కుటిక్కుమని చప్పుడు వచ్చేది. వెళ్లి చెబితే మేస్త్రీ బండి స్టార్ట్ చేసి, చెవి ఒగ్గి, లోపమేమీ లేదని తేల్చేసేవాడు. మర్నాడు మళ్లీ చెబితే మళ్లీ అదే జవాబు. ఒకరోజు ఆమెకు ఒళ్లు మండి, లోపం బండిలో లేకపోతే నీ చెవుల్లో ఉండాలి, వచ్చి నా వెనక సీట్లో కూర్చో అంది. ఆయన కూర్చున్నాడు. ఊరి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెళ్లారు. ఆఖరి స్టాపు దగ్గర మలుపు తిరుగుతున్నప్పుడు టిక్కుమంది. ఆయన నోరెళ్లబెట్టి, అవునండీ ఉంది అన్నాడు. ఆ తరవాత ఆ చప్పుడు పోయినా ఆయన వెనక సీట్లో కూర్చోవడం మాత్రం మానలేదు. కొన్నాళ్లకు పెళ్లి చేసుకున్నారు.

కాబట్టి ఈ హెలికాప్టరు విషయంలో ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. ముక్కల మీద మేస్త్రీ చెయ్యి పడకూడదు. అడిగితేనే సలహా చెప్పాలి. అడక్కపోతే నోరు కట్టేసుకుని కుర్చీలో కూర్చోవాలి. దానికి బదులుగా, బండి తయారయ్యాక ఎగరేసేది ఆయనే.

"నువ్వు బిగించింది ఇన్నాళ్లూ నేను నడిపాను. ఇప్పుడు నేను బిగించింది నువ్వు నడుపు," అంది డ్రైవరమ్మ.

 జీవితంలో మేస్త్రీ నడిపిన అతి పెద్ద వాహనం సైకిలు. అయినా సరేనన్నాడు. ఫోన్లో విషయం విన్న కూతురు పడీపడీ నవ్వి, కంప్యూటర్లో హెలికాప్టరు ఎగరేయడం నేర్చుకునే ఆటొకటి తండ్రి కోసం పంపించింది. ఆ రోజు నుంచీ ఇంట్లో ఒక గదిలో తల్లి బిగించడం, ఇంకో గదిలో తండ్రి కూల్చడం మొదలయ్యాయి. కంప్యూటర్లో ఆయన హెలికాప్టరు చెట్లకు గుద్దుకునేది, చెరువులో పడేది, తలకిందులై నేలను తవ్వేది. పడ్డప్పుడల్లా ఆయన అయ్యో అనే అయ్యో బల్ల దగ్గర డ్రైవరమ్మకు వినబడేది.

ఆమె మాత్రం ఒక తెల్ల పళ్లెంలో ముక్కలు పోసుకుని, కిటికీ వెలుతురుకు ఎదురుగా కూర్చుని పనిలో మునిగిపోయింది. ముందు నిలువు షాఫ్టు. దానికి రెండు బేరింగులు, కింద పెద్ద పళ్లచక్రం. ఆ చక్రం మధ్యలో ఒంటివైపు బేరింగు ఒకటుంది. ఒకవైపు తిప్పితే షాఫ్టును గట్టిగా పట్టుకుని తనతో తిప్పుతుంది, రెండోవైపైతే వదిలేస్తుంది. మోటారు ఆగిపోయినా పైన రెక్కలు వాటి ఊపు మీద అవి తిరుగుతూ ఉండటానికే ఆ ఏర్పాటు. సైకిలు తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది కదా, అలాగన్నమాట. ఈ సంగతి తనంతట తానే కనిపెట్టినందుకు ఆమెకు ఎంత సంబరమేసిందంటే, చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ కాసేపు పని మరిచిపోయింది. పక్కింటావిడ పెరుగు తోడుకి వస్తే ఆవిడ చేత కూడా తిప్పించింది.

తరవాత బెల్టు. పెద్ద చక్రం తిరిగే వేగాన్ని తోకలో ఉండే చిన్న రెక్కలకు అందించేది ఈ బెల్టే. తోక గొట్టంలోంచి దాన్ని పావు మెలిక తిప్పి తియ్యాలి. ఆమె తీసింది, బిగించింది, చేత్తో తిప్పి చూసింది. తోక రెక్కలు బొమ్మలో చూపిన దానికి ఎదురు తిరిగాయి. ఊడదీసి మళ్లీ ఎక్కించింది. మళ్లీ ఎదురే. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి పంతం పక్కన పెట్టి మేస్త్రీని పిలిచింది. ఆయన పరిగెత్తుకొచ్చి, చేతులు రెండూ చంకల్లో దోపుకుని, వంగి చూసి, మెలిక అటు కాదు ఇటు అన్నాడు. నిజమే. ఆమె పుస్తకాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి చదువుతోంది. బెల్టు సరిగ్గా ఎక్కాక ఆయన వెళ్లకుండా అక్కడే నిలబడితే, సలహా అయిపోయింది కదా, వెళ్లి చెరువులో పడు అని నవ్వుతూ పంపేసింది.

ఇక మిగిలింది మోటారు. దాని షాఫ్టుకు పినియన్ అని చిన్న పళ్లచక్రం తొడగాలి. అది పెద్ద చక్రం పళ్లతో కలిసి తిరుగుతుంది. మోటారు బలమంతా ఆ చిన్నదాని ద్వారానే పైకి పోవాలి. దాన్ని షాఫ్టు మీద కదలకుండా పట్టి ఉంచేది తలలేని స్క్రూ ఒకటి. స్క్రూ మొన షాఫ్టు మీద చదునుగా అరగదీసిన చోటే ఆనాలి. అదురుకు వదులైపోకుండా స్క్రూ మరలకు నీలం రంగు జిగురు ఒక్క చుక్క రాయాలి. పుస్తకంలో ఈ మాటకు కింద రెండు గీతలున్నాయి. అలా జిగురు పెట్టాల్సిన స్క్రూలన్నీ ఆమె ఒక చిన్న గిన్నెలోకి ఏరిపెట్టి, కళ్లు లాగుతుంటే కాసేపు నడుం వాల్చింది.

మధ్యాహ్నం, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. మేస్త్రీ మంచినీళ్లకని వచ్చి బల్ల దగ్గర ఆగాడు. ముట్టుకోవాలని కాదు. గిన్నెలో స్క్రూలు చూశాడంతే. ఎండిపోయి, నూనె మొహం చూడకుండా, పొడిపొడిగా ఉన్నాయవి. ఆయన జన్మంతా బోల్టుకు నూనె రాయందే బిగించి ఎరగడు. ఇంట్లో తలుపు బందులూ, కిటికీ గడియలూ, చివరికి గొడుగు కమ్ములూ ఆయన నూనె చుక్కతోనే బతుకుతున్నాయి. పాపం పిల్లముండలు, దాహంతో ఉన్నాయి అనుకున్నాడు. ఆయన ఆలోచించేలోపే చెయ్యి తన పని తాను చేసేసింది. చొక్కా జేబులోని నూనె బుడ్డి నుంచి గిన్నెలో ఒక్కటంటే ఒక్క చుక్క. కొంచెం ఊపాడు, స్క్రూలన్నీ నిగనిగలాడాయి. ఏమీ ఎరగనట్టు వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

డ్రైవరమ్మ లేచి, మొహం కడుక్కుని వచ్చి, ఆ స్క్రూలకే నీలం జిగురు రాసి బిగించింది. కొత్త ఇనుము మెరుస్తోందనుకుంది తప్ప ఇంకేమీ అనుకోలేదు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ ఊరి చివర ఖాళీ మైదానానికి వెళ్లారు. అక్కడ మోడల్ విమానాలు ఎగరేసేవాళ్లు కొందరు పోగవుతారు. వాళ్లకు పెద్ద దిక్కు ఒక ముసలి డ్రాయింగు మాస్టారు. ఎప్పుడూ వెడల్పాటి టోపీ పెట్టుకుని ఉంటాడు కాబట్టి అందరికీ టోపీ మాస్టారే. హెలికాప్టరును చేతుల్లోకి తీసుకుని ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. రెక్కలు సరిచూశాడు, బెల్టును వేలితో నొక్కాడు. కొత్తవాళ్లు కదా అని కింద వెడల్పుగా నాలుగు కర్రకాళ్లు కట్టాడు, ఒరిగినా పడిపోకుండా.

మేస్త్రీ రిమోటు పట్టుకున్నాడు.  రెక్కలు తిరిగాయి, గాలి చప్పుడు పెరిగింది, గడ్డి పడుకుంది. హెలికాప్టరు మోకాలెత్తు లేచి గాలిలో నిలబడింది. మైదానంలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. డ్రైవరమ్మకు ప్రాణం లేచొచ్చింది. తన చేత్తో బిగించిన ముక్కలు నేలను వదిలి నిలబడ్డాయి. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మేస్త్రీ దాన్ని దింపి, తల పక్కకు వంచి అన్నాడు, "ఏదో చప్పుడొస్తోంది. టిక్కుటిక్కుమని."

డ్రైవరమ్మ కళ్లు మెరిశాయి. ఈ క్షణం కోసం ఆమె ఎదురుచూసిందని చెప్పలేం గానీ, వచ్చినదాన్ని వదులుకునే మనిషి కాదు. చెవి ఒగ్గి విన్నట్టు నటించి, నింపాదిగా, "లోపమేమీ లేదు," అంది.

"నిజంగా వస్తోందే."

"లోపం బండిలో లేకపోతే ఇంకెక్కడో ఉంటుంది."

 టోపీ మాస్టారికి ఇదేమీ అర్థం కాక, భార్యాభర్తల మధ్య మనమెందుకని పక్కకు తప్పుకున్నాడు. హెలికాప్టరు మళ్లీ లేచింది. ఈసారి నడుమెత్తు. మేస్త్రీకి ధైర్యం వచ్చి కొంచెం ముందుకు పోనిచ్చాడు. అంతలో మోటారు ఉన్నట్టుండి ఈలలా కీచుమంది. మోటారు ఒంటరిగా గిర్రున తిరుగుతోంది, రెక్కలకు మాత్రం బలం అందడం లేదు. ఒంటివైపు బేరింగు పుణ్యాన రెక్కలు తమ ఊపు మీద ఇంకాసేపు తిరిగాయి కాబట్టి అది రాయిలా పడలేదు, అలసిన పక్షిలా దిగింది. దిగి, ఒక కర్రకాలు విరగ్గొట్టుకుని, గడ్డిలో పక్కకు ఒరిగింది.

మేస్త్రీ రిమోటు గుండెకు హత్తుకుని బిక్కచచ్చిపోయాడు. నేను చేశానా అని ఒకటే అడగడం. డ్రైవరమ్మ వెళ్లి గడ్డిలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, సంచిలోంచి తలలేని స్క్రూలు తిప్పే చిన్న అలెన్ కీ తీసి, మోటారు ఊడదీసింది. పినియన్ షాఫ్టు మీద వదులుగా జారుతోంది. స్క్రూ ముట్టుకుంటే చాలు బయటికొచ్చింది. దాని మీద నీలం జిగురు గట్టిపడనే లేదు, తడితడిగా జిడ్డులా అంటింది. ఆమె దాన్ని రెండు వేళ్ల మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆమెకు బాగా తెలుసు. వాళ్లింటి తలుపులన్నీ ఆ వాసనే వేస్తాయి.

తల ఎత్తి చూసింది. మేస్త్రీ ఆకాశంలో పోతున్న మబ్బులను చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"మేస్త్రీ."

"ఒక్క చుక్కే," అన్నాడాయన, మబ్బుల వైపే చూస్తూ. "పొడిగా ఉన్నాయి పాపం."

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ దారిలోనే నవ్వుగా మారిపోయింది. ఆ పాపం అన్న మాట దగ్గర ఆమె ఇక ఆగలేకపోయింది. గడ్డిలో వెనక్కి వాలి, కడుపు పట్టుకుని నవ్వింది. నూనె ఉన్న మరకు జిగురు పట్టదన్న సంగతి మేస్త్రీకి అప్పుడు తెలిసింది. చప్పుడొస్తోందంటే వినిపించుకోని తన తప్పు ఆమెకూ తెలిసింది. నువ్వు నూనె రాయకపోతే ఊడేది కాదు, నేను విని ఉంటే పడేది కాదు, ఇద్దరికీ చెల్లు అంది. ఆయన ఒప్పుకున్నాడు. ఈసారి టోపీ మాస్టారు కూడా దగ్గరికొచ్చి నవ్వాడు.

ఇంటికి తెచ్చి మళ్లీ మొదటి నుంచీ విప్పింది. ఒక్కో స్క్రూనూ, ఒక్కో మరనూ స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి ఆరబెట్టింది. ఈసారి మేస్త్రీని గది బయట ఉంచలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చేతికి గుడ్డ ఇచ్చి, తుడిచే పని అప్పగించింది. ఆయన ఆవగింజంత స్క్రూలను తన లావాటి వేళ్లతో పట్టుకుని, పసిపిల్లల చెవులు తుడిచినట్టు తుడిచాడు. ఇనుములోకి దిగే స్క్రూకే జిగురు, ప్లాస్టిక్‌లోకి దిగేదానికి వద్దు అని ఆమె చెబుతుంటే బుద్ధిగా తలాడించాడు. ఒకసారి ఆయన చెయ్యి అలవాటుగా చొక్కా జేబులో నూనె బుడ్డి వైపు పోయింది. ఆమె చూసింది. ఆయన బుడ్డి తీసి తనంతట తానే ఆమె ముందు పెట్టేశాడు, దొంగ లొంగిపోయినట్టు.

పినియన్ పళ్లకూ పెద్ద చక్రం పళ్లకూ మధ్య ఎంత సందు ఉండాలన్నది చివరి లెక్క. మరీ దగ్గరైతే పళ్లు ఒరుసుకుని అరిగిపోతాయి, దూరమైతే జారిపోతాయి. రెండిటి మధ్యా కాగితం ముక్క పెట్టి, మోటారును ఆనించి బిగించి, ఆపైన కాగితాన్ని తిప్పి లాగేస్తే సరిపోతుందని పుస్తకం చెప్పింది. ఇంట్లో కాగితాలన్నీ మందంగా ఉన్నాయి. డ్రైవరమ్మ తన పాత ఖాకీ చొక్కా జేబులు వెతికి ఒక బస్సు టిక్కెట్టు తీసింది. అది సరిగ్గా సరిపోయింది. చక్రం తిప్పితే టిక్కెట్టు మీద పళ్ల ముద్రలు కుట్టు కుట్టినట్టు పడ్డాయి, అది అవతలి వైపు నుంచి బయటికొచ్చింది. చక్రాలు రెండూ మెత్తగా, గుసగుసలాడుకుంటున్నట్టు తిరిగాయి. ఇద్దరూ తలలు ఆనించి విన్నారు. చప్పుడు లేదని ఇద్దరూ ఒప్పుకున్నాకే జిగురు ఆరడానికి దాన్ని బీరువా పైన పెట్టారు.

ఆ తరవాతి ఆదివారం హెలికాప్టరు తలకన్నా ఎత్తు లేచింది. మేస్త్రీ దాన్ని ముందుకు పోనిచ్చాడు, ఆపాడు, మెల్లగా పక్కకు తిప్పాడు. మైదానం చుట్టూ పెద్ద గుండ్రం ఒకటి కొట్టించాడు. సైకిలు తప్ప ఏదీ నడపని మనిషి నోరు తెరుచుకుని, ఆకాశం వైపు చూస్తూ, తనకు తెలియకుండానే దాని వెనకే నడిచిపోతున్నాడు. గుంట ఉంది, గుంట ఉంది అంటూ డ్రైవరమ్మ ఆయన చొక్కా వెనక పట్టుకుని నడిపించింది. బ్యాటరీ అయిపోవస్తోంది, దింపమని టోపీ మాస్టారు కేకేసినా ఆయన దింపడే. ఇంకొక్క చుట్టు, ఇంకొక్క చుట్టు అంటూనే ఉన్నాడు. చివరికి దింపాక గడ్డిలో కూలబడ్డాడు. కళ్లనిండా నీళ్లు. దుమ్ము పడిందన్నాడు.

"నువ్వూ ఒకసారి నడుపు," అని రిమోటు ఆమెకు ఇచ్చాడు.

కొత్త బ్యాటరీ పెట్టారు. ఊరి ట్రాఫిక్ మొత్తాన్ని కుదుపు లేకుండా దాటించిన డ్రైవరమ్మ రెండు బొటనవేళ్లతో రిమోటు మీది పుల్లలను కదిపేసరికి హెలికాప్టరు తాగిన మనిషిలా తూలింది. కుడికి అంటే ఎడమకు పోయింది. కిందికి అంటే ఒక్క దూకు దూకి మైదానం అంచున ఉన్న ముళ్లపొదలోకి తలదూర్చింది. ఎండుకొమ్మలు పటపటమన్నాయి.

మేస్త్రీ బిత్తరపోయి ఆమె మొహంలోకి చూశాడు, బాధపడుతుందేమోనని. డ్రైవరమ్మ అప్పటికే కొంగు బిగించుకుని పొద వైపు నడుస్తోంది. చేతులు గీసుకుపోతున్నా లెక్కచెయ్యకుండా ముక్కలు ఏరింది. విరిగిన రెక్క, వంగిన షాఫ్టు, పళ్లు రాలిన పెద్ద చక్రం, అన్నిటినీ తువ్వాలులో మూటగట్టింది. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా మూటను బల్ల మీద విప్పి పరిచింది. ఏ ముక్క పనికొస్తుందో, ఏది మార్చాలో వేలితో పక్కకు జరుపుతూ, ఈసారి షాఫ్టు కొంచెం గట్టిది వేద్దాం మేస్త్రీ అంది. మేస్త్రీ స్పిరిట్ సీసా, గుడ్డ తెచ్చుకుని ఆమె పక్కన కుర్చీ లాక్కున్నాడు.